నైటింగేల్ దొరసాని అడిగిన ప్రశ్నలు

మన మిషను ఆసుపత్రుల నర్సింగు స్కూళ్ళలో చదువుకొన్న అక్కచెల్లెండ్రు ఈ సంఘములలో ఎందరో ఉన్నారు. తెల్లని దుస్తులు ధరించి, వరుసగా నిలిచి, చేతిలో చిన్న దీపముతో ప్రమాణము చేసిన ఆ సాయంకాలమును వారిలో ఎవరూ మరచిపోరు. తల్లిదండ్రులు పల్లెల నుండి బస్సులెక్కి వచ్చి, వెనుక బల్లలమీద కూర్చొని కన్నీళ్ళు తుడుచుకొంటారు. ఆ దీపము ఫ్లోరెన్స్ నైటింగేల్ జ్ఞాపకార్థము వెలిగించే దీపము. అటువంటి కూటములలో ప్రార్థన చేయుటకు నన్ను పలుమార్లు పిలిచారు. ప్రతిసారీ నేను దీపమును గూర్చియే మాట్లాడాను. ఆమె జీవితచరిత్రను నిదానముగా చదివిన తరువాత నాకు కొంచెము సిగ్గు కలిగింది. ఆమె దీపము పట్టుకొని రోగుల మధ్య తిరిగిన కాలము రెండు సంవత్సరములకు లోపే. కలము పట్టుకొని లెక్కలు వ్రాసిన కాలము నలభై సంవత్సరములకు పైమాట. (నర్సులు చేసే ఆ ప్రమాణమును కూడ ఆమె వ్రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో వ్రాసి, గౌరవార్థము ఆమె పేరు పెట్టారు.)

శతజయంతి సంవత్సరములో మన అధ్యక్ష మండలమంతట ఆరోగ్య పరిచర్యను గూర్చిన మాటలు వినబడుచున్నవి. ఒకరు కొత్త వార్డు కట్టాలంటారు, ఒకరు అంబులెన్సు కొనాలంటారు, ఒకరు ప్రతి పాస్టరేటులో ఉచిత వైద్యశిబిరము పెట్టాలంటారు. అందరి మనస్సూ మంచిదే. ఈ సమయములో ఆమె కథను, అందులో మనము తరచుగా చెప్పుకోని భాగమును, సంఘస్థుల ముందు ఉంచాలని తలంచాను.

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరములో పుట్టింది. తల్లిదండ్రులు దేశసంచారములో ఉండగా పుట్టినందున ఆ ఊరి పేరే పెట్టారు. ఇంగ్లండులో వారికి రెండు పెద్ద బంగళాలు ఉండేవి. తండ్రి తానే గురువై ఇద్దరు కూతుళ్ళకు గ్రీకు, లాటిను, చరిత్ర నేర్పాడు. చిన్న కూతురికి మాత్రము లెక్కలమీద మక్కువ. పెండ్లి కావలసిన ఆడపిల్లకు గణితమెందుకని ఇంట్లో అడ్డు చెప్పినా పట్టుబట్టి నేర్చుకొన్నది. పదహారేండ్ల వయస్సులో, 1837 ఫిబ్రవరి 7వ తేదీన, దేవుడు తనను సేవకు పిలిచినట్లు ఆమెకు స్పష్టముగా తోచింది. ఏ సేవకో మాత్రము తెలియలేదు. తెలియుటకు ఏడు సంవత్సరములు పట్టింది. మన యువతీయువకులు పిలుపు కలిగిన మరుసటి వారమే దారి కనబడలేదని నిరాశపడినప్పుడు ఈ ఏడు సంవత్సరములు గుర్తు చేయవలెను.

ఆ సంవత్సరములలో ఆమె చుట్టుపక్కల పేదల గుడిసెలకు వెళ్ళి రోగులను చూచేది. 1845లో దగ్గరి ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకొంటానని అడిగితే ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఆ రోజులలో ఆసుపత్రి నర్సు అంటే త్రాగుబోతు అనీ, నీతిలేనిదనీ లోకములో పేరు. తల్లి, అక్క ససేమిరా ఒప్పుకోలేదు. అప్పటినుండి ఆమె తెల్లవారకముందే లేచి, దీపపు వెలుతురులో ప్రభుత్వము అచ్చువేసిన ఆరోగ్య నివేదికలను, ఆసుపత్రుల లెక్కలను చదివి నోటుపుస్తకములు నింపేది. ఫలహారము గంట కొట్టగానే ఏమీ ఎరుగని దానివలె క్రిందికి దిగివచ్చేది. అసలు దీపము అదేనని నాకనిపిస్తుంది.

1851లో జర్మనీలో రైను నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందడానికి ఎట్టకేలకు అనుమతి దొరికింది. అది థియోడోర్ ఫ్లీడ్నర్ అనే లూథరన్ పాస్టరు 1836లో స్థాపించిన డీకనెస్సుల గృహము. చిన్న ఊరి పాస్టరు తన సంఘములోని పేద స్త్రీలకు శిక్షణనిచ్చి రోగుల సేవకు పంపిన ఆ ప్రయత్నము లోకమంతట ఎంత విస్తరించినదో మన మిషను చరిత్ర ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. 1853లో లండనులో స్త్రీల చిన్న ఆసుపత్రి ఒకటి ఆమె నిర్వహణకు వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే క్రిమియా యుద్ధము.

రష్యాకు వ్యతిరేకముగా పోరాడుటకు వెళ్ళిన బ్రిటిషు సైనికులు టర్కీలోని స్కుటారి ఆసుపత్రిలో దిక్కులేక చనిపోవుచున్నారని పత్రికలలో వచ్చింది. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్టు కోరగా 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని ఆమె 1854 అక్టోబరులో బయలుదేరి నవంబరు మొదటివారములో అక్కడ చేరింది. ఆ 38 మందిలో రోమను కతోలికు సన్యాసినులు ఉన్నారు, ఆంగ్లికను సహోదరీలు ఉన్నారు, ఏ సమాజమునకూ చెందని జీతపు నర్సులు ఉన్నారు. ఏ మతశాఖవారు ఎందరన్న దానిమీద ఇంగ్లండులో రేగిన వాదములు చదివితే, అప్పుడైనా ఇప్పుడైనా సంఘము సంఘమేననిపిస్తుంది.

అక్కడ ఆమె పడిన కష్టము అందరికీ తెలిసినదే. చొక్కాలు లేవు, పళ్ళెములు లేవు, సబ్బు లేదు. ఆమె వంటగదులు పెట్టించింది, బట్టలు ఉతికించింది, గాయపడినవారి ఇండ్లకు ఉత్తరములు వ్రాసింది, రాత్రులలో దీపము పట్టుకొని మంచము మంచము చూచింది. అయినప్పటికీ ఆ చలికాలములో స్కుటారిలో మరణములు తగ్గలేదు. పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరిన రోగులలో నూటికి 42 మంది దాకా చనిపోయారు. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన శానిటరీ కమిషను వచ్చింది. అందులో సదర్లాండ్ అనే డాక్టరు, రాలిన్సన్ అనే ఇంజనీరు ప్రముఖులు. వారు నేల త్రవ్వి చూచారు. ఆ మహా భవనము పూడుకొనిపోయిన మురుగు కాలువలమీద నిలిచి ఉన్నది. త్రాగునీరు వచ్చే కాలువలో చచ్చిన గుర్రపు కళేబరము ఉన్నది. మురుగు కాలువలు కడిగించారు, చెత్త బండ్లకొద్దీ ఎత్తిపోయించారు, గోడలకు సున్నము కొట్టించారు, గాలి ఆడుటకు మార్గములు చేయించారు. జూన్ నాటికి మరణములు నూటికి రెండుకు దిగినవి.

నైటింగేల్ స్వదేశమునకు తిరిగి వచ్చేసరికి దేశమంతా ఆమె పాటలు పాడుచున్నది, ఆమె బొమ్మలు అమ్ముచున్నది. ఆమె ఊరేగింపులు తప్పించుకొని, 1856 ఆగస్టులో, ఎవరికీ చెప్పకుండ ఇంటికి చేరింది. తరువాత విలియం ఫార్ అనే గణాంక నిపుణుని పరిచయము కలిగింది. ఇంగ్లండులో ఏ ఊరిలో ఎందరు ఏ రోగముతో చనిపోయారో లెక్క కట్టే ప్రభుత్వ శాఖలో ఆయన ముఖ్యుడు. ఇద్దరూ కలిసి క్రిమియా యుద్ధపు మరణముల పట్టీలన్నీ ముందు పెట్టుకొని కూర్చున్నారు. గాయములవలన చనిపోయినవారికంటె, నివారింపదగిన రోగములవలన చనిపోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అంతకంటె కఠినమైన సంగతి ఇంకొకటి తేలింది. యుద్ధరంగము దగ్గర ఉన్న చిన్న చిన్న ఆసుపత్రులకంటె, ఆమె రాత్రింబవళ్ళు సేవ చేసిన స్కుటారిలోనే ఎక్కువమంది చనిపోయారు. అక్కడికి చేర్చడమే వారిపాలిట మృత్యువైనది. ఆమె అడుగు క్రిందనే మురుగు పారుచుండగా ఆమె చొక్కాలు లెక్కపెట్టుచున్నది.

ఈ చోట చాలాసేపు ఆగవలెనని నా అభిప్రాయము. దేశమంతా దేవదూత అని పొగడుచున్న వేళ, తన ఆసుపత్రి లెక్కలను దాచుకొనుటకు ఆమెకు ఎంతటి శోధన కలిగి ఉండునో ఊహించవచ్చును. ఆమె దాచలేదు. ప్రభుత్వమునకు ఇచ్చిన సుదీర్ఘమైన నివేదికలో ఆ అంకెలు పెట్టింది. అంకెలు చదువలేని మంత్రులకు కూడ అర్థమగునట్లు 1858లో రంగుల చక్రములు గీయించింది. ఒక్కొక్క నెలకు ఒక్కొక్క రెక్క, గాయములకు ఒక రంగు, నివారింపదగిన రోగములకు ఒక రంగు. ఆ సంవత్సరమే లండను గణాంకశాస్త్ర సంఘములో ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నారు. ఆ సంఘములో చేరిన మొదటి స్త్రీ ఆమెయే. 1857 వేసవిలో ఆమె ఆరోగ్యము కుప్పకూలింది. క్రిమియాలో పట్టుకొన్న జ్వరము కారణమా, ఈ లెక్కలు తెచ్చిన వేదన కారణమా అని చరిత్రకారులు నేటికీ వాదించుకొంటారు. తరువాతి జీవితములో అధికభాగము ఆమె గది దాటలేదు. మంచముమీద నుండియే పని చేసింది.

నెహెమ్యా యెరూషలేము చేరి మూడు దినములైన తరువాత, తన ఉద్దేశమును ఎవరికీ తెలుపకుండ, రాత్రివేళ కొద్దిమందితో వెళ్ళి పడిపోయిన ప్రాకారమును చూచి వచ్చిన సంగతి మనము బైబిలు తరగతులలో చెప్పుకొంటాము. ఆయన పెంట ద్వారము దగ్గరకు కూడ వెళ్ళాడు. తాను ఎక్కిన జంతువు పోవుటకు ఎడము లేని చోటు ఎక్కడ ఉన్నదో కూడ చూచుకొన్నాడు. ఆ తరువాతనే కట్టుదము రండని జనులను పిలిచాడు. స్కుటారి తరువాత నైటింగేల్ పని పద్ధతి ఇదే అయినది. ముందు చూచుట, అడుగుట, లెక్కపెట్టుట. కట్టుట ఆ తరువాత.

1861 జనాభా లెక్కలలో, ఆ దినమున ప్రతి ఇంటిలో రోగులెందరు, ఏమి రోగము, ఇల్లు ఎటువంటిది అన్న ప్రశ్నలు చేర్చాలని ఆమె పోరాడింది. రోగమునకూ ఇంటికీ ఉన్న సంబంధము ఒక్కసారి దేశమంతట బయటపడునని ఆమె ఆశ. పార్లమెంటు ఒప్పుకోలేదు. జనులు జవాబు చెప్పరనీ, చెప్పినా నమ్మలేమనీ అన్నారట. మన కమిటీలలో కూడ సర్వే అన్న మాట రాగానే ఇదే మాట వినబడుతుంది.

ఇక మన దేశము సంగతి. 1859లో ఇండియాలోని సైన్యపు ఆరోగ్యమును విచారించుటకు ఒక రాయల్ కమిషను ఏర్పడింది. దాని వెనుక ఉన్న చేయి ఆమెదే. ఇండియాను గూర్చి లండనులో నమ్మదగిన లెక్కలు లేవని తెలిసికొని, ఆమె ఒక ప్రశ్నల పత్రము తయారుచేసి ఇక్కడి కంటోన్మెంటులన్నిటికీ పంపించింది. మన సికింద్రాబాదు, బళ్ళారి వంటివి అందులో ఉన్నవి. ఆ ప్రశ్నలు ఎంత సాదావో చూడండి. ఊరు పల్లములో ఉన్నదా, మెరకమీద ఉన్నదా? నీరు ఎక్కడిది, ఎవరు తెస్తారు, దేనిలో తెస్తారు? మురుగు ఎక్కడికి పోతుంది? ఒక గదిలో ఎందరు పండుకొంటారు? ఏమి తింటారు, ఏమి త్రాగుతారు, ఖాళీ సమయములో ఏమి చేస్తారు? ఆసుపత్రి ఎట్లున్నది? శవములను ఎక్కడ పాతిపెడతారు? నాలుగు సంవత్సరములు గుట్టలుగా వచ్చిన జవాబులను ఆమె, సదర్లాండ్, ఫార్ కలిసి జల్లించారు. 1863లో వెలువడిన నివేదిక 2,028 పుటలు. అంత గ్రంథమును ఏ మంత్రీ చదువడని ఆమెకు తెలుసు. అందుచేత తన పరిశీలనలను విడిగా, బొమ్మలతో సహా అచ్చు వేయించి పంచిపెట్టించింది. తోలుతిత్తితో నీళ్ళు మోసే భిస్తీ బొమ్మ కూడ అందులో ఉన్నది.

ఇండియాలోని బ్రిటిషు సైనికులలో సంవత్సరమునకు వెయ్యికి 69 మంది చనిపోవుచున్నారని ఆ విచారణలో తేలింది. 1864లో బెంగాలు, మద్రాసు, బొంబాయి రాజధానులలో ఆరోగ్యశాఖ కమిషనులు ఏర్పడినవి. 1873 నాటికి ఆ సంఖ్య వెయ్యికి 18 అయినదని ఆమె వ్రాసింది. ఆమె ఒక్కతే దీనికి కారణమనుట తగదు. వైద్యులు, ఇంజనీర్లు, మారిన పద్ధతులు, అన్నీ కలిసినవి. ఇండియాకు ఆమె ఒక్కసారి కూడ రాలేదు. అయినను కొత్త వైస్రాయిలు ఓడ ఎక్కకముందు ఆమె గదికి వెళ్ళి వచ్చేవారు.

మొదట ఆమె చూపంతా తెల్ల సైనికులమీదనే ఉన్నదన్న మాట దాచనవసరము లేదు. కాని లెక్కలు చేసినకొలది, కంటోన్మెంటు గోడ కలరాను ఆపలేదనీ, పక్క బజారు, పక్క పల్లె బాగుపడనిదే బారకాసు బాగుపడదనీ గ్రహించింది. పల్లెను చూడగా రైతు ఆకలి కనబడింది. ఆకలిని చూడగా శిస్తు, అప్పు, నీరు కనబడినవి. ఇక్కడనే మన కాటన్ దొరగారు కథలోకి వస్తారు. ధవళేశ్వరము ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఆమెకు ఆప్తమిత్రుడు. గోదావరి, కృష్ణా డెల్టాల సంగతులు ఆయన ద్వారా తెలిసికొని, 1874లో ప్రచురించిన ఒక చిన్న గ్రంథములో, సేద్యపు నీరు జీవన్మరణముల ప్రశ్న అని ఆమె వాదించింది. నీరు పారించుటతోపాటు మురుగు దిగిపోవు మార్గము కూడ ఉండవలెననీ, లేనిచో జ్వరములు వచ్చుననీ హెచ్చరించింది. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు మద్రాసు రాజధానిలో లక్షలాది జనులు చనిపోయారు. మన తాతముత్తాతలు ఆ కరువును గూర్చి చెప్పుకొన్న సంగతులు పాత సంఘములలో ఇంకా వినబడుతవి. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వు పని ఇప్పించి ప్రాణములు కాపాడినది ఆ కరువులోనే. లండనులో మంచమునంటిన నైటింగేల్ ఆ సంవత్సరములలో ఆనకట్టల కొరకు పత్రికలలో వ్రాసి వ్రాసి ప్రభుత్వమునకు విసుగు పుట్టించింది.

ఆమె తప్పులు కూడ చెప్పవలెను. సూక్ష్మజీవులవలన రోగములు వచ్చుననే సిద్ధాంతమును ఆమె చాలాకాలము నమ్మలేదు. దుర్గంధము, చెడుగాలి రోగకారణమన్న పాత తలంపునే పట్టుకొని ఉండెను. మనుష్యులతో మృదువుగా మెలగే స్వభావము కాదు. సిడ్నీ హెర్బర్టు జబ్బుపడి పని తగ్గించుకొంటానంటే కోపగించుకొన్నది. ఆయన 1861లో చనిపోయిన తరువాత చాలా ఏడ్చింది. కాని శుభ్రమైన నీరు, మురుగు కాలువ, గాలి, వెలుతురు కావాలన్న ఆమె పట్టుదలకు సిద్ధాంతపు తప్పు అడ్డురాలేదు.

1880ల చివర ఆమె దృష్టి మన దేశపు పల్లెలమీద నిలిచింది. పూనాలోని సార్వజనిక సభవంటి సంఘములతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, పల్లెలవారు కట్టే పన్నులో కొంత భాగము ఆ పల్లె నీటికీ, శుభ్రతకే ఖర్చు కావలెనని కోరింది. హుకుములు జారీ చేస్తే పల్లె శుభ్రపడదని అప్పటికి ఆమెకు బాగుగా తెలుసు. ఇంగ్లండులోనే బకింగ్‌హాం ప్రాంతపు పల్లెలలో 1892లో ఒక పని మొదలుపెట్టించింది. స్థానిక ఆరోగ్యాధికారి కొందరు స్త్రీలకు పాఠములు చెప్పి, తన వెంట గుడిసెలకు తీసికొనిపోయి చూపించి, పరీక్ష పెట్టేవాడు. అటుపిమ్మట ఆ స్త్రీలు ఇల్లిల్లు తిరిగి తల్లులతో మాట్లాడేవారు. ఆజ్ఞాపించుటకు వెళ్ళకూడదనీ, ముందు స్నేహము సంపాదించుకోవాలనీ, ఇల్లాలి వద్ద నేర్చుకొనవలసినది ఉన్నదనీ ఆమె నియమము. 1896లో అటువంటి స్త్రీలు ఇండియా పల్లెలకు కూడ కావలెనని వ్రాసింది.

ఇది చదివినప్పుడు నాకొక పాత సంగతి గుర్తుకు వచ్చింది. కొన్ని సంవత్సరముల క్రితము నేను పనిచేసిన ఒక పాస్టరేటులో మెడికల్ క్యాంపు పెట్టాము. షామియానా వేశాము. పట్నమునుండి డాక్టర్లు వచ్చారు, రక్తపోటు చూచారు, బలమునకు మాత్రలు పంచారు, అందరము ఫోటో తీయించుకొన్నాము. చాలామంది స్త్రీలు మూత్రములో మంట అని చెప్పుకొన్నారు. మందిచ్చి పంపాము. మూడు నెలలకు మళ్ళీ అదే బాధ. అప్పుడు మా బైబిలు స్త్రీ చెప్పగా తెలిసింది. ఆ పేటలో మరుగుదొడ్లు లేవు. చీకటి పడేవరకు బయటికి పోవలసిన అవసరము రాకుండ ఆ తల్లులు పగలంతా నీళ్ళు త్రాగుట మానుకొన్నారు. ఎండలో కూలిపని చేసి కూడ త్రాగరు. ఆమెకు ఈ సంగతి మొదటినుండి తెలుసు. ఆమె ప్రతి ఇంటికీ వెళ్ళే మనిషి. క్యాంపు కమిటీలో పదకొండుమందిమి ఉన్నాము, ఆమె లేదు. ఆమెను అడగాలన్న తలంపు, వేదాంత కళాశాలలో చదివివచ్చిన నాకు కూడ, కలుగలేదు.

అందుచేత ఈసారి మా పాస్టరేటులో ఏమి కట్టాలన్న చర్చను ఆరు నెలలు వాయిదా వేశాము. స్త్రీల మైత్రి సభ్యురాండ్రు, ఇద్దరు రిటైరైన నర్సమ్మలు, యువజనులు కలిసి ఒక్కొక్క పేట పంచుకొన్నారు. మన సంఘస్థుల ఇండ్లకే కాదు, ఆ వీధిలోని అన్ని ఇండ్లకూ వెళ్ళుచున్నారు. నీరు ఎక్కడిది, మరుగుదొడ్డి ఉన్నదా, ఉంటే వాడుచున్నారా, ఇంటిలో షుగరు, బి.పి. ఎవరికున్నవి, మందులు నెలనెలా ఎవరు తెస్తారు, ముసలివారిని ఎవరు చూచుకొంటారు, గత సంవత్సరము ఆ ఇంట ఎవరైనా చనిపోయారా, ఎందుచేత? ఇంతకుమించి ప్రశ్నలు లేవు. కొందరు జవాబు చెప్పరు. కొందరు కాఫీ ఇచ్చి రెండు గంటలు చెప్తారు. సంఘపు ఖజానాదారుగారు మాత్రము ఈ కాగితములతో ఏమి వస్తుందని ఇంకా అడుగుచున్నారు.

నైటింగేల్‌కు చివరి సంవత్సరములలో చూపు పోయింది. 1907లో రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమిచ్చినప్పుడు ఏమి జరుగుచున్నదో ఆమెకు సరిగా తెలియలేదంటారు. 1910 ఆగస్టు 13న లండనులోని తన ఇంటిలో, తొంబదియవ ఏట, నిద్రలోనే ప్రాణము విడిచింది. రాజులను, మహాపురుషులను సమాధి చేసే వెస్ట్‌మినిస్టర్ ఆలయములో స్థలమిస్తామని ప్రభుత్వము చెప్పినా, ఆమె కోరిక ప్రకారము బంధువులు ఒప్పుకోలేదు. ఎంబ్లీకి దగ్గర, ఈస్ట్ వెల్లో గ్రామపు ఆలయ ఆవరణలో, తల్లిదండ్రుల ప్రక్కన, సైనికులు మోసికొని వచ్చి పాతిపెట్టారు. రాతిమీద ఆమె పూర్తి పేరు లేదు. రెండక్షరములు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ మాత్రము చెక్కి ఉన్నవి.